ఇచ్చిన చెయ్యి, అడిగే చెయ్యి: గొంజాలెస్ నుంచి ఒలేథా దాకా

టెక్సస్‌లో మన తెలుగువాళ్లు నలుగురు భోజనాలకు చేరితే రెండు విషయాలు రాకుండా ఉండవు. ఒకటి ఇన్సూరెన్స్ డిడక్టబుల్, అంటే బీమా కంపెనీ కట్టడం మొదలుపెట్టేలోపు మనం జేబులోంచి పెట్టుకునే ఖర్చు. రెండోది, తుపాకీతో ఎవరైనా వస్తే ఎలా దాక్కోవాలో పిల్లల స్కూల్లో చేయించే లాక్‌డౌన్ డ్రిల్. 'వీళ్లకు సర్కారు వైద్యం ఎందుకు వద్దు? ఇన్ని తుపాకులు దేనికి?' అని మనమే అడుగుతాం, మనమే జవాబు చెప్పుకుంటాం. వద్దన్నవాళ్ల దగ్గర, కావాలన్నవాళ్ల దగ్గర కూర్చుని అడగం. ఎన్నికలు ముగిసి, ఇళ్ల ముందు అభ్యర్థుల బోర్డులు ఇంకా పీకని నవంబరు వారంలో, అడుగుతూ పోదామని డాలస్ పక్కనున్న అర్వింగ్ నుంచి కారు తీశాను. నాయకులను వెతుక్కుంటూ వెళ్లలేదు. డైనర్లలో, చర్చి భోజనాల దగ్గర, గన్ షోలో ఎదురయ్యే మామూలు మనుషులు చాలనుకున్నాను.

బుధవారం, గొంజాలెస్

ఐ-35 మీద ఆస్టిన్ దాకా వెళ్లి, 183 పట్టుకుని లాక్‌హార్ట్ మీదుగా దిగితే గొంజాలెస్ వస్తుంది. చిన్న ఊరే కానీ దీని జెండా టెక్సస్ అంతా తిరుగుతుంది. పికప్ ట్రక్కుల వెనక, టోపీల మీద, టీషర్టుల మీద మీరూ చూసే ఉంటారు. తెల్లటి గుడ్డ, నల్ల ఫిరంగి, పైన ఒక నక్షత్రం, కింద 'వచ్చి పట్టుకెళ్లు' అన్న సవాలు.

దాని కథ ఇది. అప్పట్లో టెక్సస్ మెక్సికోలో భాగం. 1831లో, కొమాంచీ ఆదివాసుల దాడుల నుంచి కాపాడుకోవడానికని మెక్సికో ప్రభుత్వమే ఇక్కడి వలసదారులకు ఒక చిన్న ఫిరంగి ఇచ్చింది. 1835లో తిరిగి ఇచ్చెయ్యమంది. ఊరివాళ్లు ఇవ్వమన్నారు. సైనికులు వచ్చారు. అక్టోబరు 2న కాల్పులు జరిగాయి. టెక్సస్ తిరుగుబాటులో మొదటి పోరు అదే. ఊళ్లోని మెమోరియల్ మ్యూజియంలో చూపించే ఫిరంగి ఇంత పెద్ద కథకు కారణమా అనిపించేంత చిన్నది.

స్క్వేర్ దగ్గర డైనర్‌లో నా పక్కన కూర్చున్న పెద్దాయన పశువులు పెంచుతాడు. మ్యూజియం చూసి వచ్చానంటే కప్పు కింద పెట్టి నా వైపు తిరిగాడు. "ఇచ్చిందీ సర్కారే, పట్టుకుపోతానన్నదీ సర్కారే. అది మర్చిపోకు" అన్నాడు. అక్కడి నుంచి నేరుగా వైద్యంలోకి వచ్చాడు. 2010లో ఒబామా సంతకం చేసిన అఫర్డబుల్ కేర్ చట్టం, అదే ఒబామాకేర్, వస్తే నచ్చిన బీమా ప్లాన్ ఉంచుకోవచ్చని మాట ఇచ్చారు. 2013 చివర్లో ఈ పెద్దాయన ప్లాన్ రద్దయిందని ఇంటికి ఉత్తరం వచ్చింది. ఆ ఏడాది అలాంటి ఉత్తరాలు దేశమంతా లక్షల మందికి వెళ్లాయి. కొత్త ప్లాన్‌కు ప్రీమియం ఎక్కువ. పిల్లలు పెద్దవాళ్లైపోయిన ఆ దంపతుల ప్లాన్‌లో ప్రసూతి ఖర్చు కూడా తప్పనిసరిగా ఉంది. కొనకపోతే జరిమానా. అది పన్ను కిందికే వస్తుందని 2012లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2017 పన్నుల చట్టం దాన్ని సున్నా చేసి 2019 నుంచి అమల్లో పెట్టింది. అప్పటిదాకా తాను కట్టిన ప్రతి డాలరూ ఆయనకు గుర్తుంది.

వింటుంటే నాకు ఒక సంగతి స్పష్టంగా అర్థమైంది. నేను రెండు ప్రశ్నలు పట్టుకుని బయల్దేరాను కానీ ఆయన మనసులో ఉన్నది ఒక్కటే. ఆపద వచ్చినప్పుడు మనం ఎవరి చేతి మీద ఆధారపడాలి? ఇచ్చిన చెయ్యి రేపు షరతు పెడుతుంది, ఎల్లుండి తిరిగి అడుగుతుంది. ఇంట్లో తుపాకీ ఉండాలన్నా, తన డాక్టరు ఫీజు తానే కట్టుకుంటానన్నా ఆయనకు ఆధారం ఆ భయమే. ఆయన మూర్ఖుడు కాడు. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు దాటినవాళ్లు చాలామంది లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకోవచ్చు. అది మాత్రం తనకు నచ్చలేదన్నాడు. తాను క్లాసుకు వెళ్లి, గురి చూపించి లైసెన్సు తెచ్చుకున్నవాడు. ఏ శిక్షణా లేని కుర్రాడు నడుముకు తుపాకీ కట్టుకుని కిరాణా కొట్టుకు వస్తే తనకూ టెన్షనే అన్నాడు.

గురువారం, సదర్లాండ్ స్ప్రింగ్స్

ఈ ఊరి పేరు చెబితే అమెరికాలో రెండు పక్షాలకూ రెండు వేర్వేరు విషయాలు గుర్తొస్తాయి. 2017 నవంబరు 5న, ఆదివారం ప్రార్థన జరుగుతుండగా ఒకడు ఫస్ట్ బాప్టిస్ట్ చర్చిలోకి వచ్చి కాల్చాడు. కడుపులో బిడ్డతో కలిపి 26 మంది పోయారు. కాల్పుల చప్పుడు విని స్టీఫెన్ విల్లఫోర్డ్ అనే ప్లంబర్ చెప్పులు కూడా వేసుకోకుండా తన ఏఆర్-15 రైఫిల్ పట్టుకుని ఇంట్లోంచి పరిగెత్తాడు. హంతకుణ్ణి కాల్చి గాయపరిచాడు, దారిన ఆగిన ఇంకొకరి ట్రక్కెక్కి వెంటాడాడు. నిన్నటి నుంచి నేను మాట్లాడిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక సమయంలో విల్లఫోర్డ్ పేరు ఎత్తారు.

కొత్త చర్చి ముందు కాసేపు నిలబడ్డాను. అక్కడివాళ్లను ఏమీ అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. రోడ్డు మీద ఇంకాస్త దూరంలో పెట్రోలు బంకు కౌంటర్‌లో ఉన్నావిడే తనంతట తాను మాట కలిపింది. భర్తకు నైట్ షిఫ్టు. ఇల్లు పొలాల మధ్య. 911కు ఫోన్ చేస్తే షెరిఫ్ డిప్యూటీ వచ్చేసరికి ఎంతసేపైనా పట్టొచ్చు. "ఆ సేపంతా నేనూ, నా పిల్లలే" అంది. మనకు తుపాకీ అంటే బ్యాంకు గార్డు భుజాన కనిపించేది, లేదంటే ఫ్యాక్షన్ గొడవల్లో వినేది. ఆవిడకు అది మంచం పక్క డ్రాయర్‌లో ఉండే ధైర్యం. ఆ చీకట్లో, పక్కిల్లు కనబడని ఆ దూరంలో నేనున్నా అలాగే అనుకుంటానేమో.

కానీ ఇక్కడ ఆగలేను. ఆ హంతకుడు ఎయిర్ ఫోర్స్‌లో ఉన్నప్పుడు భార్యనూ ఆమె కొడుకునూ కొట్టిన నేరం మీద శిక్ష పడింది. ఆ సంగతి ఎయిర్ ఫోర్స్ ఎఫ్‌బీఐ డేటాబేస్‌కు పంపలేదు. పంపి ఉంటే షాపులో వాడికి తుపాకీ అమ్మేవాళ్లు కాదు. 'కొత్త చట్టాలొద్దు, ఉన్నవే సరిగా అమలు చెయ్యండి' అని కన్సర్వేటివ్‌లు అనడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ లేదు. మరి పడమట ఉన్న ఉవాల్డే? 2022 మే 24న అక్కడి స్కూల్లో ఒక కుర్రాడు జరిపిన కాల్పుల్లో 19 మంది పిల్లలూ ఇద్దరు టీచర్లూ పోయారు. పోలీసులు వందల మంది వచ్చారు, లోపలికి వెళ్లడానికి గంటకు పైగా ఆగారు. పోలీసులను నమ్ముకోలేమనే వాదనకు అదీ బలమే. నాకు మాత్రం 18 ఏళ్లు నిండీ నిండగానే ఆ కుర్రాడు రెండు రైఫిళ్లు చట్టబద్ధంగా కొనగలిగాడన్నదే మింగుడు పడదు. ఆ జూన్‌లో వచ్చిన ద్విపక్ష చట్టం 21 ఏళ్ల లోపు కొనుగోలుదారుల రికార్డులు ఇంకాస్త లోతుగా చూడమంది, అంతే. దాని మీద చర్చలు నడిపిన టెక్సస్ సెనేటర్ జాన్ కార్నిన్‌ను హ్యూస్టన్‌లో సొంత రిపబ్లికన్ పార్టీ మహాసభలోనే కేకలేసి దింపినంత పని చేశారు. కింది స్థాయి కార్యకర్తల పట్టు ఎంత గట్టిదో చూడండి.

శుక్రవారం, ఓక్లహోమా సిటీ

రోజంతా రోడ్డే. రెడ్ రివర్ దాటాక దారి పొడవునా కసీనోలు, చర్చిలు, మళ్లీ కసీనోలు.

ఓక్లహోమా సిటీలో నేను చూడాలనుకున్నది ఒక్కటే, సర్జరీ సెంటర్ ఆఫ్ ఓక్లహోమా. 1997లో ఇద్దరు అనస్తీషియా డాక్టర్లు పెట్టారు. 2009 నుంచి ఏ ఆపరేషన్‌కు ఎంతో వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. సర్జన్, మత్తు డాక్టరు, థియేటరు అన్నీ కలిపి ఒకటే ధర. మెడికేర్ (వృద్ధులకు సర్కారు బీమా), మెడికెయిడ్ (పేదలకు సర్కారు బీమా) డబ్బు తీసుకోరు. సర్కారు జోక్యం లేకుండా వైద్యం చవగ్గా నడుస్తుందని చెప్పేవాళ్లంతా దీన్నే చూపిస్తారు. పార్కింగ్‌లో ఒక ట్రక్కు డ్రైవర్ కలిశాడు, హెర్నియా ఆపరేషన్ తర్వాత చెకప్‌కు వచ్చాడు. ఇన్సూరెన్స్ బదులు ఒక క్రైస్తవ ఆరోగ్య భాగస్వామ్య సంఘంలో సభ్యుడు. నెలనెలా అందరూ ఇంత వేస్తారు, ఒకరికి బిల్లు వస్తే అందులోంచి కడతారు. చట్ట ప్రకారం అది ఇన్సూరెన్స్ కాదు, కట్టి తీరాలన్న పూచీ లేదు. అది తెలిసే చేరానన్నాడు.

ఈ దేశంలో ఆసుపత్రి మెట్లు ఎక్కిన ఏ తెలుగువాణ్ని అడిగినా చెబుతాడు, బిల్లు వచ్చేదాకా ఎంతవుతుందో దేవుడికే తెలియదని. ఆ విషయంలో ఈ మనుషులు ముమ్మాటికీ రైటు. ఆసుపత్రులు ధరలు బయటపెట్టాలన్న ఫెడరల్ నిబంధన 2021 జనవరిలో అమల్లోకి వచ్చింది. అది ట్రంప్ ప్రభుత్వం తెచ్చిందే. అయితే ముందే ధర చూసుకుని, తేదీ పెట్టుకుని చేయించుకునే ఆపరేషన్లు వేరు. అర్ధరాత్రి గుండెపోటు వచ్చినవాడు వెబ్‌సైట్ తెరిచి ధరలు పోల్చుకోడు కదా.

శనివారం, టల్సా

ఎక్స్‌పో స్క్వేర్‌లో ఏటా రెండుసార్లు జరిగే వానెన్‌మాకర్ ఆర్మ్స్ షో ప్రపంచంలోకెల్లా పెద్దదని పేరు. వేల టేబుళ్లు, ఎకరాల కొద్దీ హాలు. టల్సాలో ఉండే నా స్నేహితుడు కూడా వచ్చాడు. లోడ్ చేసిన తుపాకీని లోపలికి రానివ్వరు. గేటు దగ్గర తెరిచి చూసి, కదలకుండా ప్లాస్టిక్ టై బిగిస్తారు.

నేను ఊహించింది వేరు. ముప్పాతిక మంది తాతలే. ఒక టేబుల్ దగ్గర 1890ల నాటి వించెస్టర్ రైఫిల్ ఉంది. కర్ర భాగం మీద ఎవరిదో పొడి అక్షరాలు చాకుతో చెక్కి ఉన్నాయి, చెయ్యి పట్టే చోట పాలిష్ పోయి చెక్క నునుపెక్కింది. మెత్తటి బట్ట మీద పెట్టి, వట్టి వేళ్లతో ముట్టుకోవద్దని, చెమట తగిలితే ఇనుము తుప్పు పడుతుందని చెబుతున్నాడు ఆ టేబుల్ దగ్గరి తాత. అది వాళ్ల ముత్తాతదట. అమ్మకానికి కాదు, చూపించడానికి తెచ్చాడు. పక్క టేబుల్‌లో మాత్రం నల్లటి ఏఆర్-15లు వరసగా పేర్చి ఉన్నాయి, రద్దీ అక్కడే.

లైసెన్సున్న డీలరు దగ్గర కొంటే 4473 ఫారం నింపాలి. నేరం చేశారా, కోర్టు ఆంక్షలున్నాయా, ఏ వీసా మీద ఉన్నారు అని ప్రశ్నలుంటాయి. డీలరు ఎఫ్‌బీఐ సిస్టమ్‌లో చూస్తాడు. 1993 బ్రేడీ చట్టం ఫలితంగా 1998 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. చాలాసార్లు నిమిషాల్లో తేలిపోతుంది. కానీ డీలరు కాని మనిషి తన సొంత తుపాకీని అదే రాష్ట్రంలో ఇంకొకరికి అమ్మితే ఫెడరల్ చట్టం ఆ తనిఖీ అడగదు. దాని మీద ఒక టేబుల్ యజమానితో చాలాసేపు వాదించాను. తనిఖీ అంటే అభ్యంతరం లేదు, దాని పేరుతో ఎవరి దగ్గర ఏ తుపాకీ ఉందో జాబితా తయారవుతుందేమోనని భయం అన్నాడు. జాబితా చేతిలో ఉంటే ఒకనాటికి తలుపు తడతారు అన్నాడు. గొంజాలెస్ పెద్దాయన కూడా ఇదే అన్నాడు కదా.

నా స్నేహితుడు మాత్రం దేన్నీ ముట్టుకోలేదు. హెచ్-1బీ మీద ఉన్నాడు. గ్రీన్‌కార్డు లైను ఎప్పటికి కదులుతుందో తెలియదు. పర్యాటక, ఉద్యోగ వీసాల మీద ఉన్నవాళ్లు వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకపోతే తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. షూటింగ్ రేంజ్‌లో సరదాగా పట్టుకుని ఫొటో దిగినా ఇబ్బందే. మన కుర్రాళ్లు కొందరు ఇది తెలియక ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంటారు. దయచేసి పెట్టకండి.

ఆదివారం, అక్కావాళ్ల ఊరు

టల్సాకు ఈశాన్యంగా, ఊరి పేరు చెప్పను. బావ ఇక్కడ ఫిజీషియన్. రెసిడెన్సీ అయ్యాక, స్వదేశానికి వెళ్లకుండా ఇక్కడే ఉండనిచ్చే జే-1 వీసా మినహాయింపు కోసం డాక్టర్లు లేని పల్లెలో మూడేళ్లు చెయ్యాలన్న షరతు మీద వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. అమెరికా పల్లెల్లో మన తెలుగు డాక్టర్లు చాలామంది ఇలా వచ్చినవాళ్లే.

మధ్యాహ్నం చర్చి హాల్లో విందు. ఊళ్లో వెల్డింగ్ షాపు నడిపే ఒకాయనకు క్యాన్సర్, ఆ ఖర్చు కోసం పెట్టారు. బీన్స్, కార్న్‌బ్రెడ్ తిన్నాక కేకులూ పైలూ వేలం వేశారు. ఒక పెకాన్ పై రెండు వందల డాలర్లకు పోయింది. పాడుకున్న రైతు లేచి, తీసుకోకుండా 'మళ్లీ వెయ్యండి' అన్నాడు. ఈసారి మూడు వందలు. ఆయనా తిరిగి ఇచ్చేశాడు. అదే పై ఐదారుసార్లు అమ్ముడుపోయింది. చివరికి దాన్ని ఆ వెల్డర్ కూతురి చేతిలో పెట్టారు. అక్క కూడా నూట యాభైకి పులిహోర గిన్నె పాడించి, పాడినావిడకు ఎలా వేడి చెయ్యకుండా తినాలో చెప్పింది. నా గొంతు పూడుకుపోయింది. సర్కారు వైద్యం వద్దనేవాళ్లకు సాటి మనిషి మీద జాలి లేదని ఎవరైనా అంటే ఇక ఒప్పుకోను.

సాయంత్రం బావను అడిగాను. "మీరేమంటారు బావా, ఇలా సరిపోతుందా?"

"పది వేలు దాటినట్టుంది. మంచి మనుషులయ్యా. కానీ ఇప్పుడు వాడే క్యాన్సర్ మందులకు అది కొన్ని వారాలు కూడా రాదు" అన్నాడు.

ఓక్లహోమా ఓటర్లు 2020 జూన్ 30న ప్రజాభిప్రాయ ఓటులో మెడికెయిడ్ విస్తరణకు, అంటే దాన్ని ఇంకా ఎక్కువమందికి ఇవ్వడానికి, కొద్ది తేడాతో సరే అన్నారు. పల్లె కౌంటీలు ఎక్కువగా వద్దన్నాయి, ఓక్లహోమా సిటీ, టల్సా ఓట్లే గట్టెక్కించాయి. 2021 జులై నుంచి అమలైంది. అప్పటి నుంచి బీపీ, షుగరు ముదిరాక వచ్చేవాళ్లు ముందే వస్తున్నారని బావ అంటాడు. వద్దని ఓటేశామని తనతోనే చెప్పినవాళ్లు సూనర్‌కేర్ (ఓక్లహోమాలో మెడికెయిడ్ పేరు) కార్డుతో వస్తారు. ఆయన వాళ్లను ఏమీ అనడు. ఆ కార్డు మీద సర్కారు ఇచ్చే ఫీజు తక్కువని మాత్రం విసుక్కుంటాడు. టెక్సస్ ఇప్పటికీ ఆ విస్తరణ చెయ్యలేదు. అన్ని రాష్ట్రాల్లోకీ ఇన్సూరెన్స్ లేనివాళ్ల శాతం అక్కడే ఎక్కువ.

సోమవారం, ఇండిపెండెన్స్, ఒలేథా

మిస్సోరిలోని ఇండిపెండెన్స్ మాజీ అధ్యక్షుడు ట్రూమన్ సొంతూరు. 1945లో దేశమంతటికీ ఆరోగ్య బీమా పెట్టాలని ఆయన అడిగితే డాక్టర్ల సంఘం ఏఎంఏ అడ్డం పడింది. 1961లో, వృద్ధులకు సర్కారు బీమా వద్దంటూ అప్పటికి నటుడిగా ఉన్న రొనాల్డ్ రీగన్ గొంతుతో ఏఎంఏ ఒక గ్రామఫోన్ రికార్డు వేయించింది. డాక్టర్ల భార్యలు ఇరుగుపొరుగును కాఫీకి పిలిచి వినిపించి, కాంగ్రెస్‌కు ఉత్తరాలు రాయించేవారు. అయినా 1965 జులై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఇక్కడి ట్రూమన్ లైబ్రరీకే వచ్చి మెడికేర్ మీద సంతకం చేసి, మొదటి కార్డు ట్రూమన్‌కు ఇచ్చాడు.

లైబ్రరీ దగ్గర కలిసిన రిటైర్డ్ రైల్వే దంపతులు ఒబామాకేర్ అంటే మండిపడ్డారు. మరి మెడికేరో అన్నాను. దాని జోలికి ఎవరూ రాకూడదు, జీతంలోంచి నలభై ఏళ్లు కోయించుకున్నాం, అది మా డబ్బు అన్నారు. ఇందులో వైరుధ్యం ఉందని మనం నవ్వుతాం. నాకు నవ్వు రాలేదు. కట్టుకున్నది హక్కు, ఊరికే వచ్చింది ఉపకారం. ఉపకారం కిందికి వెళ్లకూడదన్నది వాళ్ల పట్టుదల.

అక్కడి నుంచి కాన్సస్‌లోని ఒలేథా అరగంట పైచిలుకు. ఈ ఊరికి వచ్చి తీరాలని ముందే అనుకున్నాను. 2017 ఫిబ్రవరి 22న ఇక్కడి ఆస్టిన్స్ బార్‌లో మన హైదరాబాదు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను, మా దేశం నుంచి పొమ్మంటూ ఒకడు కాల్చి చంపాడు. స్నేహితుడు అలోక్ మాదసాని గాయపడ్డాడు. చేతిలో ఏమీ లేకుండా హంతకుడి వెంట పడి, అరచేతిలోంచి ఛాతీలోకి తూటా దిగిన ఇయాన్ గ్రిలట్ అప్పటికి 24 ఏళ్ల కుర్రాడు. శ్రీనివాస్ భార్య సునయన భర్త పోవడంతో వీసా హోదా కూడా పోగొట్టుకుంటే, దాన్ని నిలబెట్టడానికి పూనుకున్నది కెవిన్ యోడర్ అనే రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడే.

కాఫీ షాపులో ఒక ప్లంబింగ్ కాంట్రాక్టర్‌తో మాట కలిసింది. గ్రిలట్ ఆసుపత్రి బిల్లుల కోసం గోఫండ్‌మీ అనే విరాళాల వెబ్‌సైట్‌లో పెట్టిన పేజీకి తానూ యాభై డాలర్లు వేశానన్నాడు. దానికి లక్షల డాలర్లు వచ్చాయి. హ్యూస్టన్‌లోని భారతీయులు ఇల్లు కొనుక్కోమని విడిగా లక్ష డాలర్లు ఇచ్చారు. "చూశావా, సర్కారు రాలేదు, మనుషులు వచ్చారు" అన్నాడు. ఆ రోజు అక్కడ ఇంకొకరి దగ్గర తుపాకీ ఉండి ఉంటే అని కూడా అన్నాడు. కిక్కిరిసిన బార్‌లో ఇంకో తుపాకీ ఇంకెంతమందికి తగిలేదో అన్నాను. టీవీలో రాని వాడి బిల్లుకు ఏ పేజీ నిండుతుంది అని అడిగాను. తన చర్చి చూస్తుందన్నాడు. చర్చికి వెళ్లనివాడికి? దానికి జవాబు తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. మీ దగ్గర ఎలా అని తిరిగి అడిగాడు.

ఆరోగ్యశ్రీ గురించి చెప్పాను. 2007లో మొదలైందని, పేదవాడు కార్డు చూపిస్తే ప్రైవేటు ఆసుపత్రిలో కూడా ఆపరేషన్ అవుతుందని.

"ఆసుపత్రులకు డబ్బు టైముకు ఇస్తారా?"

"ఇవ్వరు. బకాయిలు పేరుకుపోయి ఆసుపత్రులు సేవలు ఆపేసిన సందర్భాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి."

"నేను చెప్పేది అదే" అన్నాడు.

"అయినా మా పెదనాన్నకు గుండె ఆపరేషన్ ఆ కార్డు మీదే అయింది. ఉన్న రెండున్నర ఎకరాలూ అమ్ముకోకుండా బయటపడ్డాడు."

ఆయన నాప్‌కిన్ తీసి తన నెలవారీ ప్రీమియం ఎంతో, డిడక్టబుల్ ఎంతో రాసి నా ముందుకు జరిపాడు. ఈ లెక్క బాగోలేదని నాకూ తెలుసు, కానీ ఆ డబ్బు తీసుకెళ్లి సర్కారు చేతిలో పెట్టమంటే మాత్రం పెట్టను అన్నాడు. నేనైతే పెడతాను, బకాయిలు ఉంటాయని తెలిసే పెడతాను అన్నాను. లేచి చెయ్యి కలిపి పనికి వెళ్లిపోయాడు. నేను ఐ-35 ఎక్కాను.